ఖాళీ దిబ్బ యొద్దకు నడచుట ఎందుకు?

ధ్యాన భాగములు: లూకా 15:1-7, లూకా 16:10



గడచిన క్రిస్మస్ పండుగకు కొన్ని దినములు ముందు మా సంఘపు పెద్దలలో ఒకరు సాయంకాల ప్రార్థన ముగిసిన తరువాత వెనుక నిలిచి, తమ చిన్నకుమారుడు ఫోనులో వ్రాసి పంపిన సంగతిని మాకు చదివి వినిపించిరి. ఆ కుమారుడు ఆస్ట్రేలియా దేశమున మెల్బోర్న్ పట్టణములో ఉద్యోగము చేయుచున్నాడు. అతడు రెండు దినములు సెలవు పెట్టి, మరి ముగ్గురితో కలిసి కారులో సుమారు 450 కిలోమీటర్లు ప్రయాణము చేసి, ఆ రాష్ట్రపు వాయవ్య మూలనున్న పొద అడవులలో ఒక జాతి పక్షి గూళ్లను చూచి వచ్చుటకు వెళ్లెను. దినమంతయు నడచి పదునాలుగు గూళ్లు చూచిరి. ఒక్కదానియందే పక్షి పని చేయుచున్నది. తక్కిన పదమూడును ఖాళీ.

పెద్దగారికి ఇది మింగుడుపడలేదు. "అయ్యగారూ, వాడి చదువుకు తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. ఆ రెండు రోజులు పైపని చేసుకుంటే నాలుగు డబ్బులు వచ్చేవి. సొంత ఖర్చుతో ఎండలో తిరిగి, పిట్ట లేదు, పిట్ట లేదు అని రాసుకొని వచ్చాడు. జీతం లేదు, బత్తెం లేదు. లేనిదాన్ని లెక్కపెట్టడం కూడా ఒక పనేనా? మీరే చెప్పండి" అనిరి.

ఆ సాయంకాలము మేము నవ్వి ఊరకుంటిమి. సమాధానము మాయొద్ద లేకపోయెను. అయితే ఆ ప్రశ్న మమ్మును విడువలేదు. మనము రక్షింపగలమో లేదో తెలియని దానిని లెక్కించుటలో మేలేమి? ఎవరును చూడని చోట, ఏమియు దొరకని చోట, పనిని సరిగా చేయుటలో అర్థమేమి? ఇది పక్షులకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు గనుక మీతో కలిసి ఆలోచింప గోరుచున్నాము.

ముందుగా ఆ పక్షిని గూర్చి చెప్పవలెను. ఆంగ్లేయులు దానిని మాలీఫౌల్ అందురు. అక్కడి ఆదివాసుల భాషనుండి వచ్చిన లోవన్ అను పేరును దానికి కలదు. మనము మాలీకోడి అని పిలుచుకొందము. మాలీ యనగా ఒక్క మొదలునుండి అనేక కాండములు లేచు పొట్టి నీలగిరి చెట్లు. మన ప్రాంతమున జామాయిల్ తోటలుగా పెంచుచున్న చెట్లకు అవి దగ్గరి చుట్టములు. జామాయిల్ మన దేశమునకు వచ్చినది అక్కడనుండియే. ఆ పొట్టి చెట్ల నీడలో, ఇసుక నేలమీద, మన నాటుకోడి పెట్టకంటె కొంచెము పెద్దదైన ఈ పక్షి బ్రదుకుచున్నది. బూడిద, తెలుపు, గోధుమ వన్నెల చుక్కలతో నుండుటచేత, కదలక నిలిచిన యెడల పది అడుగుల దూరమునను కనబడదు.

ఈ కోడి గ్రుడ్లమీద పొదుగదు. చలికాలములో, అనగా అక్కడ జూన్, జూలై మాసములకు కొంచెము ముందు వెనుకలుగా, పుంజు నేలలో గుంట త్రవ్వి, చుట్టుపట్ల నున్న ఆకులను పుల్లలను కాళ్లతో ఈడ్చి దానిలో నింపును. వర్షము పడి ఆకులు తడిసిన తరువాత పైన ఇసుక కప్పును. అట్లు లేచిన దిబ్బ మూడు నుండి అయిదు మీటర్ల వెడల్పు గలదై యుండును. మన పెంటకుప్పలో చేయి పెట్టినప్పుడు తగులు వేడివంటిదే ఆ దిబ్బలో పుట్టును. పెట్ట కొన్ని దినముల కొకటి చొప్పున గ్రుడ్లు పెట్టును. ఒక్క ఋతువులో పదునైదు, ఇరువది వరకు పెట్టుట కలదు. పుంజు ప్రతి దినమును దిబ్బను కెలకి, ముక్కుతో ఇసుకలోని వేడిమిని పరీక్షించి, ఎక్కువైన ఇసుక తీసి, తక్కువైన ఇసుక కప్పి, సుమారు 33 డిగ్రీల యొద్ద నిలుపుచుండును. హెచ్. జె. ఫ్రిత్ అను శాస్త్రజ్ఞుడు 1950 తరువాతి సంవత్సరములలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమున ఈ పక్షిని కనిపెట్టి చూచి, 1962లో దానిని గూర్చి ఒక పుస్తకము ప్రచురించెను.

ఇంత శ్రమపడిన తండ్రి పిల్లను మాత్రము ఎరుగడు. పిల్ల ఇసుక అడుగున గ్రుడ్డు పగులగొట్టుకొని, గంటలకొలది పైకి పెనుగులాడి వెలుపలికి వచ్చి, ఒంటరిగా పొదలలోనికి పరుగెత్తును. రెక్కల క్రింద దాచుకొను తల్లి దానికి లేదు. తొలి వారములలోనే అనేక పిల్లలు ఆకలిచేతను, నక్కల చేతను చనిపోవును. ఆ నక్కలు ఆ నేలకు పుట్టినవి కావు. పందొమ్మిదవ శతాబ్దమున తెల్లవారు వేట వినోదమునకై ఐరోపానుండి తెచ్చి విడిచినవి. గోధుమ పొలములకును గొఱ్ఱెల మేతకును మాలీ అడవులు విస్తారముగా నరకబడినవి. మిగిలిన తునకలలో అగ్ని లేచిన యెడల, దిబ్బకు చాలినంత ఆకు రాలి చేరుటకు అనేక సంవత్సరములు పట్టును. కాబట్టి 1999వ సంవత్సరపు జాతీయ చట్టము క్రింద మాలీకోడి అపాయస్థితిలోనున్న జీవుల పట్టీలో చేర్చబడియున్నది. తెల్లవారు 1788లో ఆ ఖండమున కాపురము పెట్టినది మొదలుకొని, ఆ దేశమునకే చెందిన పాలిచ్చు జంతువులలో ముప్పదికి పైగా జాతులు నశించెను. ఇట్టి నష్టము ఎరిగిన దేశము గనుకనే అక్కడ అనేకులు తమకు తామే ముందుకు వచ్చి ఈ కాపలా పని చేయుచున్నారు.

విక్టోరియన్ మాలీఫౌల్ రికవరీ గ్రూప్ అను స్వచ్ఛంద బృందము వారు ప్రతి సంవత్సరము అక్టోబరు మొదలు వేసవివరకు ఈ దిబ్బలను చూచుచున్నారు. ఇతర రాష్ట్రములలోను ఇట్టి బృందములున్నవి. రైతులు, ఉపాధ్యాయులు, పింఛను పుచ్చుకొనువారు, చదువుకొను పిల్లలు వీరిలో కలరు. ముందుగా శిక్షణ పొందుదురు. ప్రతి దిబ్బకును సంఖ్యయు, అది యున్న చోటును తెలుపు గుర్తులును పరికరములో నుండును. అక్కడికి నడచి వెళ్లి, ఇసుక క్రొత్తగా కెలకబడినదా, పక్షి అడుగుల జాడలున్నవా, గ్రుడ్డు పెంకులున్నవా, నక్క పెంటికలున్నవా అని చూచి, కొలిచి, ఫోటో తీసి, వ్రాసికొని వత్తురు. పక్షి విడిచిపెట్టిన పాత దిబ్బలను సైతము వారు మానరు. ఏలయనగా కొన్ని సంవత్సరములు విడువబడిన దిబ్బకు పక్షి మరల తిరిగి వచ్చుట కలదు.

పెద్దగారు చదువని మాటలు కొన్ని ఆ ఫోనులో మిగిలి యుండెను. తరువాత మేమే అడిగి చదివితిమి. ఆ దినపు చివరి దిబ్బ చాల దూరమున నుండెనట. మధ్య అంతయు ముండ్లగడ్డి. ఎండ నలువది డిగ్రీల దరిదాపున నున్నది. నీళ్లు తగ్గుచున్నవి. ఆ దిబ్బ అనేక సంవత్సరములుగా ఖాళీ అని పాత లెక్కలలో నున్నది. తోడి మనుష్యుడొకడు నీడలో కూర్చుండి, "అక్కడ ఏముంటుంది? దూరమునుండి చూచి ఖాళీ అని గుర్తు పెట్టు" అనెను. నడచిన దారి పరికరములో నమోదగును, ఫోటోయు అడుగబడును; అయినను మనస్సుంటే మోసమునకు దారులు దొరకకపోవు. పోలేదని నిజము చెప్పి విడిచిపెట్టినను ఎవరును తప్పు పట్టరు. అతడు కొంతసేపు నిలిచి, తరువాత నీళ్లు పంచుకొని నడిచెను. దిబ్బ ఖాళీయే. మధ్యను పొదలు మొలిచియుండెను. ఫోటో తీసి, ఖాళీ అని వ్రాసి, తిరిగి వచ్చునప్పటికి ప్రొద్దు క్రుంకెను. "నాన్నా, ఏమీ దొరకలేదు గాని నాకు మనసు నెమ్మదిగా ఉంది" అని వ్రాసియుండెను.

ఆ మాట చదివినప్పుడు మాకు సిగ్గు కలిగెను. ఎందుకో చెప్పవలసియున్నది.

మేము సేవలో ప్రవేశించిన తొలి సంవత్సరములలో ఒక గ్రామమున నుండగా, ప్రతి మాసము ప్రతి కుటుంబమును దర్శించి దర్శన పుస్తకములో వ్రాయవలెనను నియమముండెను. వాగు అవతల ఒక వృద్ధ విధవరాలు గుడిసెలో ఒంటరిగా నుండెడిది. ఎప్పుడు వెళ్లినను, "బాగున్నానయ్యా" అని ఒక్క మాట చెప్పి, కూర్చుండుటకు పీట వేసెడిది. ఒక శ్రావణ మాసమున వర్షములు పట్టెను. వాగులో మోకాలిలోతు నీరుండెను. దాటరానంత నీరు కాదు. ఈ మాసము మాత్రమేమి మారియుండునని తలంచి, ఆమె పేరు ఎదుట "దర్శించితిమి, క్షేమము" అని వ్రాసితిమి. ఆ దినములలోనే ఆమె జ్వరముతో పడియుండెను. నీళ్లు తెచ్చి ఇచ్చు దిక్కు లేకపోయెను. మేకలు కాయు పిల్లవాడొకడు మూలుగు విని ఊరిలో చెప్పగా ఆమె బ్రదికెను. మేము పరుగున వెళ్లినప్పుడు ఆమె మమ్మును నిందింపలేదు. "వాగు వచ్చింది కదయ్యా, మీరెట్లా వస్తారు?" అనెను. ఆమె మా అబద్ధమును ఎరుగదు. ఆ పుస్తకములో ఆ రెండు మాటలు నేటికిని అట్లే యుండవచ్చును.

కాబట్టి పెద్దగారి ప్రశ్నకు మేము నేర్చుకొన్న మొదటి సమాధానమిది. వెళ్లి చూచి "లేదు" అని వ్రాయుట వేరు; వెళ్లక "లేదు" అని వ్రాయుట వేరు. కాగితముమీద రెండును ఒక్కటే మాట. మొదటిది సాక్ష్యము. రెండవది అబద్ధము, ఒకవేళ జరిగినదానితో సరిపడినను అబద్ధమే. ప్రభువు చెప్పిన ఉపమానములోని కాపరి నూటిలో ఒకటి తప్పెనని ఎట్లు తెలిసికొనెను? లెక్కించెను గనుక తెలిసికొనెను. సుమారుగా ఉన్నవిలే అని దొడ్డి తలుపు మూసిన కాపరికి ఏ గొఱ్ఱెయు తప్పిపోదు. వెదకవలసిన పనియు పడదు. వెదకుటకు ముందు లెక్క యున్నది.

ఈ ఖాళీ అను మాటకు అక్కడివారు ఎంత విలువ ఇచ్చుచున్నారో చూడుడి. పశ్చిమ ఆస్ట్రేలియాలో నల్ల కాకటూలను, అనగా పెద్ద జాతి చిలుకలను లెక్కించుటకు ఏప్రిల్ మాసపు ఒక సాయంకాలమున వందలకొలది జనులు, అవి రాత్రి వాలు చెట్ల యొద్ద సూర్యాస్తమయ వేళ నిలుచుదురు. ఒక్క పక్షియు రాకపోయిన యెడల సున్న అని తప్పక వ్రాసి పంపుడని నిర్వాహకులు వేడుకొందురు. పక్షులు వచ్చిన చోట్ల లెక్క మాత్రమే చేరి, రాని చోట్ల లెక్క చేరనియెడల, అంతయు బాగుగనే యున్నదని దేశము భ్రమపడును.

సత్యమైన లెక్క మన ఇష్టమైన అభిప్రాయములను సైతము గద్దించును. మాలీకోళ్లను నక్కలు తినుచున్నవి గనుక నక్కలకు విషము పెట్టిన యెడల కోళ్లు వృద్ధియగునని అందరును తలంచిరి. అది సహజమైన తలంపే. అయితే స్వచ్ఛంద సేవకులు అనేక సంవత్సరములు కూర్చిన దిబ్బల లెక్కలను పరిశీలించి 2012లో ప్రచురించిన ఒక అధ్యయనములో, విషము పెట్టిన చోట్ల కోళ్లు అధికమైనట్లు స్పష్టమైన రుజువు కనబడలేదు. దీనినిబట్టి నక్కలు మేలైనవని కాదు. ఆ పని ఆ రీతిగా చేసినంతమాత్రమున చాలదేమో, వేరుగా పరీక్షించి చూడవలెనని వారు గ్రహించిరి. మంచి ఉద్దేశముతో చేయు పని మంచి ఫలమిచ్చుచున్నదో లేదో అడుగుటకు వినయము కావలెను. ఆ వినయమునకు ఆధారము ఎండలో నడచినవారి చిన్న చిన్న గుర్తులే.

అయితే ఇక్కడ మరియొక ప్రశ్న లేచును. లెక్కించిన చాలునా? చాలదు. దీనికి ఒక దుఃఖకరమైన దృష్టాంతము ఆ దేశమునందే కలదు.

హిందూ మహాసముద్రములో, జావాకు దక్షిణమున, క్రిస్మస్ ద్వీపమను ఆస్ట్రేలియా వారి దీవి యున్నది. పిపిస్ట్రెల్ అను చిన్న గబ్బిలము ఆ దీవిలో తప్ప లోకమున మరెక్కడను లేదు. దాని బరువు నాలుగు గ్రాములకు అటు ఇటు. అది క్రమముగా తగ్గిపోవుచున్నదని సంవత్సరముల తరబడి లెక్కలు చెప్పుచునే యుండెను. వాటి కూతలను పట్టు యంత్రములలో ప్రతి పర్యాయము తక్కువ కూతలు వినబడెను. కొన్నింటిని పట్టి కాపాడి పెంచవలెనని ఎరిగినవారు మొఱ్ఱపెట్టిరి. ఆలోచనలు, చర్చలు సాగెను. 2009 జూలైలో అనుమతి వచ్చెను. ఆగస్టులో మనుష్యులు వలలతో వెళ్లునప్పటికి ఒక్క గబ్బిలము మాత్రమే ఎగురుచున్నట్లు తెలిసెను; అదియు వలకు చిక్కలేదు. ఆగస్టు 26 రాత్రి దాని కూత చివరిసారి వినబడెను. 2017లో ఆ జాతి నశించినదని ప్రకటింపబడెను.

లెక్క తప్పలేదు. లెక్క విన్నవారు ఆలస్యము చేసిరి. సహోదరులారా, ఈ సంగతి మనకును దూరము కాదు. సంఘ కూటములలో హాజరు పట్టీ చదువుదుము, తగ్గినదని నిట్టూర్పు విడుతుము, పుస్తకము మూయుదుము. బడి మానిన పిల్లల పేర్లు ఎరుగుదుము. వారి ఇండ్లకు వెళ్లము. తెలిసికొనుట మన బాధ్యతను తీర్చదు. అది బాధ్యతను ఆరంభించును. లెక్క వ్రాసినవాడు, "నేను చూచితిని, ఇక నీవు ఊరకుండకుము" అని చదువువానితో చెప్పుచున్నాడు.

నిరాశతో ముగింపకుండునట్లు మరియొక సంగతియు చెప్పవలెను. టాస్మేనియా దీవికి నైరుతి మూలన మెలలూకా అను చోటు కలదు. దానికి రోడ్డు లేదు. చిన్న విమానములోనైనను, పడవలోనైనను, అనేక దినములు నడచియైనను చేరవలెను. నారింజ వన్నె పొట్టగల ఒక చిన్న చిలుక వేసవిలో అక్కడ పిల్లలు చేసి, చలికాలమున సముద్రము దాటి ప్రధాన భూభాగపు తీరమునకు వలసపోవును. దాని తూకము యాబది గ్రాములకు మించదు. స్వచ్ఛంద సేవకులు వంతుల ప్రకారము ఆ చోట కాపురముండి, మేత బల్లలయొద్దకు వచ్చు చిలుకల కాళ్లకున్న రంగు కడియములను దూరదర్శినిలో చూచి, ఏది తిరిగి వచ్చెనో ఏది రాలేదో పేరు పేరున వ్రాసికొందురు. 2016లో అడవినుండి తిరిగి వచ్చినవి 17 మాత్రమే; వాటిలో ఆడవి మూడు. ఆ సంఖ్య చూచినవారు ఈసారి ఊరకుండలేదు. పంజరములలో పెంచిన చిలుకలను ఏటేటా విడిచిరి, గూటిపెట్టెలు కట్టిరి, మేత చూచిరి. 2021లో తిరిగి వచ్చినవి 70. అపాయము తొలగినదని ఎవరును చెప్పలేరు. సముద్రము దాటుటలో చిన్న పక్షులు నేటికిని అనేకము చనిపోవుచున్నవి. అయినను పదునేడు అను మాటను దాచక చెప్పినవారు లేనియెడల డెబ్బది అను మాట వచ్చెడిది కాదేమో.

ఇప్పుడు పెద్దగారికి చెప్పవలసిన జవాబు. అప్పు తీర్చుట మానుకొని అడవికి పొమ్మని మేము ఏ కుమారునికిని చెప్పము. తల్లిదండ్రుల బరువు మోయుట మొదటి విధి. అయితే మనుష్యుని దినములన్నియు కూలి లెక్కకే చెందినవని కూడ మేము చెప్పజాలము. తనకు తిరిగి ఏమియు ఇయ్యజాలని దానికొరకు, తన మాట వినని, తన పేరెరుగని పక్షికొరకు, సంవత్సరములో రెండు దినములు నడచినవాడు వ్యర్థముగా నడువలేదు. అట్టివాడు తల్లిదండ్రుల పట్లను లెక్క తప్పడని మా నమ్మకము.

మొన్న ఆదివారము ఈ మాటలే పెద్దగారితో చెప్పితిమి. మా దర్శన పుస్తకపు సంగతియు దాచక చెప్పితిమి. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, "ఆ చివరి దిబ్బకు వచ్చే ఏడు కూడా పోవాలంటాడా వాడు?" అని అడిగిరి.

పోవలెనని చెప్పితిమి. పక్షి వచ్చియుండవచ్చును.

ప్రియులారా, ఈ మాసము మీ ఊరిలో మీరు చూడకయే "క్షేమము" అని మనస్సులో వ్రాసికొన్న ఇల్లు ఏదైన ఉన్నదా? వాగు మోకాలిలోతే యైన యెడల, దాటి వెళ్లి చూచి రండి. మేమును వెళ్లుచున్నాము.